కొమ్ము బొమ్మలకు పట్టిన పురుగు: పర్లాకిమిడిలో మా ఇంటి అనుభవం

2024 సెప్టెంబర్ 29, ఆదివారం నాడు దసరాకు ఇల్లు సర్దుతూ ముందుగదిలోని గాజు బీరువా తెరిచినప్పుడు, పై అరలో ఉన్న కొమ్ము కొంగ పాదాల చుట్టూ గోధుమరంగు పొడి రాలి ఉండటం కనిపించింది. మాది ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి కాబట్టి కొమ్ము పని గురించి ఈ ప్రాంతం వారికి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆవు కొమ్మునూ గేదె కొమ్మునూ వేడిచేసి వంచి, ఆకురాయితో రాచి, మెరుగుపెట్టి చేసే ఆ బొమ్మలను మా తాతగారు బడిపంతులుగా పనిచేసినంత కాలం ఒక్కొక్కటిగా కొని దాచారు. వాటిలో కొంగల జత, నల్ల గేదె కొమ్ముతో చేసిన రొయ్య, రెండు దువ్వెనలు, ఒక చేతికర్ర పిడి మాకు మిగిలాయి. బీరువా కింది అరలో నాయనమ్మ బరంపురం పట్టుచీర, తాతగారి ఉన్ని శాలువా ఉంటాయి.

కొంగను చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గర తిప్పి చూశాను. పైకి నున్నగా మెరుస్తున్న రెక్క, అడుగుభాగంలో మాత్రం పొరలు లేచి గుంటలు పడి ఉంది. ఆ గుంటల్లో అడ్డచారలతో, సన్నని ముళ్ళ వెంట్రుకలతో చిన్న చిన్న కుబుసాలు ఇరుక్కుని ఉన్నాయి. ఊదితే ఎగిరిపోయేంత తేలికైనవి అవి. వాటిలో ఒకటి మాత్రం ఎగరలేదు. నాలుగైదు మిల్లీమీటర్లు ఉంటుందేమో, పుల్లతో తాకగానే తోక చివరి వెంట్రుకల కుచ్చును విసనకర్రలా విప్పి, మళ్ళీ ముడిచి, కొమ్ము పొర సందులోకి దూరిపోయింది. నాకు ఒళ్ళు జలదరించింది. శాలువా మడతల్లో అలాంటివే ఇంకా ఉన్నాయి. పట్టుచీర కొంగు దగ్గర, ఎప్పటిదో చెమట మరక ఉన్నచోట, సూదిమొనంత రంధ్రాలు కనిపించాయి.

ఇరుగుపొరుగువారు చూసి చెదలన్నారు, చిమ్మెట అన్నారు. బీరువాను ఎండలో పెట్టమని ఒకరు, కిరసనాయిలు రాయమని మరొకరు సలహా ఇచ్చారు. భువనేశ్వర్‌లో మ్యూజియం వస్తువుల సంరక్షణ పని చేస్తున్న నా పాత విద్యార్థి ఒకడు ఉన్నాడు. ఆ రాత్రి అతనికి ఫొటోలు పంపి ఫోన్ చేశాను. అతను మొదట అడిగింది పొడి గురించే: "మాస్టారూ, అది మైదాపిండిలా మెత్తగా ఉందా, వేళ్ళకు గరుకుగా తగులుతోందా?" పిండిలా మెత్తగా ఉంటే కర్రను తొలిచే పురుగనీ, ఆరు పలకల గింజల్లా ఉంటే పొడికర్రను తినే చెదలనీ అతను వివరించాడు. మాది గరుకుగానే ఉంది, గింజలు మాత్రం లేవు, తిన్న వస్తువు రంగులోనే ఉంది, పైగా కుబుసాలు ఉన్నాయి. అది కార్పెట్ బీటిల్ పిల్లపురుగని అతను తేల్చాడు. పేరులో కార్పెట్ ఉన్నా దానికి కావలసింది కెరటిన్ అనే పదార్థమట. కొమ్ము, వెంట్రుక, ఈక, ఉన్ని, గిట్ట, అన్నీ దానికి ఒకే వంటకం. పట్టును కూడా వదలదు, ముఖ్యంగా చెమటో తిండి మరకో ఉన్నచోట.

ఆ ఫోన్‌లోనే ఇంకొక విషయం తేలింది. ఆగస్టు నుంచి అమ్మకు ముంజేతుల మీద దద్దుర్లు వస్తూ ఉన్నాయి. డాక్టరు రెండుసార్లు ఆయింట్‌మెంట్ మార్చినా తగ్గలేదు. అమ్మ పగటిపూట పడుకునే మంచం ఆ బీరువా పక్కనే ఉంటుంది. ఈ పురుగుల వెంట్రుకలు రాలి చర్మానికి తగిలితే కొందరికి సరిగ్గా ఇలాంటి దురదే వస్తుందని అతను చెప్పాడు. మంచం గది మార్చి, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికించిన తరువాత అక్టోబర్ నెలాఖరుకు దద్దుర్లు తగ్గాయి.

కలరా ఉండల విషయంలో మాత్రం ఇంట్లో చిన్నపాటి యుద్ధమే జరిగింది. బీరువాలో ఏళ్ళ తరబడి అవి ఉండేవి. జూన్‌లో చెల్లెలు పురిటికి వచ్చినప్పుడు, పసిబిడ్డ బట్టల దగ్గర నాఫ్తలీన్ ఉంచవద్దని పిల్లల డాక్టరు గట్టిగా చెప్పడంతో అన్నీ ఏరి పారేశాం. జి6పిడి అనే ఎంజైమ్ లోపం ఉన్న శిశువులకు ఆ ఆవిరి సోకితే రక్తకణాలు చితికి కామెర్లు ముదురుతాయట. ఉండలు తీసేయడం వల్లనే పురుగు పట్టిందని అమ్మ వాదన. తలుపు సందుల్లోంచి గాలి ఆడే బీరువాలో ఆ ఆవిరి పురుగును చంపేంత చిక్కగా ఎన్నడూ నిలవదనీ, రెక్క కింద పడిన గుంటలు మూడు నెలల పని కాదనీ నా విద్యార్థి చెప్పినా అమ్మ ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోదు.

అతను రెండు పనులు వెంటనే చేయమన్నాడు. మొదటిది, ప్రతి వస్తువునూ విడివిడిగా మందపాటి పాలిథిన్ సంచిలో పెట్టి, ముడివేయకుండా అంచును మడిచి టేపుతో పూర్తిగా మూసేయడం. రెండోది, కిటికీ గడపల మీద చచ్చిన చిన్న పురుగులు ఉన్నాయేమో చూడటం. ఉన్నాయి. మూడు మిల్లీమీటర్ల గుండ్రని పురుగులు, వీపు మీద తెలుపు, గోధుమ మచ్చలతో, వెల్లకిలా పడి ఎండిపోయి ఉన్నాయి. అవి పెద్దపురుగులు. అవి బట్టను గానీ కొమ్మును గానీ ముట్టవు, పూల పుప్పొడి తింటాయి, అందుకే వెలుతురు వైపు, కిటికీల వైపు పోతాయి. గుడ్లు పెట్టడానికి మాత్రం కెరటిన్ ఉన్నచోటుకు వస్తాయి. "ఇంట్లో ఎక్కడైనా పక్షి గూడు ఉందా మాస్టారూ?" అని అతను అడిగినప్పుడు నాకు అటక గుర్తుకొచ్చింది.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లాను అతలాకుతలం చేసిన నాడు, అటక మీది వెంటిలేటర్ అద్దం పగిలిపోయింది. అప్పట్లో కప్పు పెంకులు సరిచేసుకోవడమే గగనం కావడంతో, దానికి అట్టముక్క అడ్డం పెట్టి వదిలేశాం. ఆ అట్ట ఎప్పుడో ఊడిపోయింది. నిచ్చెన వేసి టార్చి కొడితే, పావురాల గూళ్ళు, ఈకలు, ఎండిపోయిన ఒక పావురం కళేబరం కనిపించాయి. ఆ ఈకలను పుల్లతో కదిపితే వాటి కింద అదే చారల పురుగు, పదుల సంఖ్యలో. ముందుగది కప్పులో, పాత పంకా కొక్కెం కోసం చేసిన రంధ్రం సరిగ్గా ఆ గూళ్ళ కిందే ఉంది. బీరువాను ఎంత శుభ్రం చేసినా పైనుంచి దిగివస్తూనే ఉంటాయన్నమాట.

మరునాడే గూళ్ళు తీయించేద్దామనుకున్నాను. ఒక గూటిలో ఇంకా ఈకలు సరిగా రాని రెండు పిల్లలు ఉన్నాయి. "పిల్లలు ఎగిరేదాకా ఆగరా, ఇన్నాళ్ళు ఆగలేదా" అని అమ్మ అడ్డుపడింది. పావురం పిల్ల గూడు వదలడానికి సుమారు నెల పడుతుంది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా కష్టమనిపించిన కాలం అదే. సంచుల్లో మూసిపెట్టిన బొమ్మలను వారం వారం వెలుతురులో పెట్టి చూస్తే, ప్రతిసారీ సంచి అడుగున కొత్త పొడి చేరి ఉండేది. కళ్ళెదుటే కొంగను కొరుక్కు తింటున్నా చేతులు కట్టుకుని కూర్చోవలసి వచ్చింది. తిండి లేకపోయినా ఈ పురుగు నెలల తరబడి బతకగలదని అప్పటికే విని ఉన్నాను. ఇక్కడైతే తిండికి కొదవే లేదు.

ఈలోగా పెస్ట్ కంట్రోల్ వారిని సంప్రదించాను. శ్రీకాకుళం వైపు సంస్థ ఒకటి సరిహద్దు దాటి రాలేమంది. బరంపురం వైపు సంస్థ ప్రయాణ ఖర్చుతో కలిపి రూ.3,500 అడిగి అక్టోబర్ మూడో వారంలో ఒక కుర్రాణ్ణి పంపింది. అతను పురుగును చూడనైనా చూడకుండా, బీరువా తలుపులు తెరిచి బొమ్మలు లోపల పెట్టమన్నాడు, అన్నిటి మీదా ఒకేసారి మందు కొట్టేస్తానన్నాడు. ఆ మందు తడి తగిలిన పురుగును చంపుతుందేమో గానీ, కొమ్ము పొరల మధ్యకు వెళ్ళదు, పట్టుచీర మీద పడితే మరక పోదు. వద్దని చెప్పి, వస్తువులు లేని ఖాళీ బీరువా సందుల్లోనూ, గోడ అంచుల్లోనూ మాత్రమే కొట్టించాను. డబ్బు పూర్తిగానే తీసుకున్నారు. అటక ఎక్కమంటే అది ఒప్పందంలో లేదన్నారు.

పావురం పిల్లలు నవంబర్ మొదటి వారంలో ఎగిరిపోయాయి. ఇద్దరు కూలీలను పెట్టి గూళ్ళు, ఈకలు, రెట్టలు తీయించాను. ఎండిన రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు కనుక ముందు నీళ్ళు చిలకరించి, మాస్కులు పెట్టుకున్నాకే ఊడ్పించాను. తీసినదంతా సంచుల్లో కట్టి ఊరి బయట కాల్పించాం. వెంటిలేటర్‌కు సన్నని ఇనుప జాలీ, కప్పు రంధ్రానికి సిమెంటు వేయించడంతో కలిపి సుమారు రూ.2,200 అయింది. ఈ పనికి ముందు వస్తువులకు వైద్యం చేయడం దండగ అని నా విద్యార్థి పదేపదే చెప్పడం వల్లనే అంతవరకు ఆగాను.

ఆ వైద్యం పేరు చలి. మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచితే గుడ్డు, పిల్లపురుగు, పెద్దపురుగు, అన్నీ చచ్చిపోతాయి. మెల్లగా చల్లబడితే పురుగు చలికి అలవాటుపడే ప్రమాదం ఉంది కనుక త్వరగా చల్లబడాలి, అందుకే మూటలు చిన్నవిగా ఉండాలి. మా ఫ్రిజ్‌లోని పై అరకు అంత చలి లేదు, పైగా అందులో కొంగ మెడ పట్టదు. అప్పుడు తోచింది ఐస్‌క్రీం దుకాణం. డిసెంబర్‌లో వ్యాపారం చల్లబడి వారి రెండో డీప్ ఫ్రీజర్ ఖాళీగా ఉంటుంది. దుకాణదారు నా దగ్గర చదివినవాడి తండ్రే అయినా, సంగతి విని మొహం చిట్లించాడు. "పురుగులున్న సామాను ఐస్‌క్రీం పెట్టిలో ఎలాగ పెడతామండీ మాస్టారూ, ఎవరైనా చూస్తే నా గతేంటి?" అన్నాడు. రెండు సంచుల్లో మూసి తెస్తాననీ, తరువాత ఫ్రీజర్ కడిగించి ఇస్తాననీ చెప్పి, కరెంటు ఖర్చుతో కలిపి రూ.1,200 కు ఒప్పించాను.

ఒక్కొక్క వస్తువునూ తెల్ల నూలు గుడ్డలో చుట్టి, సంచిలో పెట్టి, గాలి వీలైనంత నొక్కి తీసి, టేపు వేసి, పైన ఇంకొక సంచి తొడిగాను. గుడ్డ ఎందుకంటే, లోపల చెమ్మ ఏర్పడితే వస్తువుకు తగలకుండా పీల్చుకుంటుంది. డిసెంబర్ 8న ఒక కొంగ, రెండు దువ్వెనలు, చీర, శాలువా ఫ్రీజర్‌లోకి వెళ్ళాయి. తీగతో ఉన్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి రూ.450 పెట్టి కొని, దాని మొన శాలువా మూట నడుమ ఉండేలా పెట్టాను. ఆ థర్మామీటర్ లేకపోతే నా కష్టమంతా వృథా అయ్యేది. నాలుగు రోజులు గడిచాక ఒక సాయంత్రం వెళ్ళి చూస్తే అంకె మైనస్ 6 చూపిస్తోంది. మధ్యాహ్నం లైను మరమ్మతు కోసం చాలాసేపు కరెంటు తీశారట, దుకాణదారుకు అది చెప్పవలసిన విషయమనే తోచలేదు. మళ్ళీ మైనస్ 18 కు దిగిన రోజు నుంచి రెండు వారాలు కొత్తగా లెక్కపెట్టుకోవలసి వచ్చింది.

డిసెంబర్ 27న మూటలు ఇంటికి తెచ్చాను. గడ్డకట్టిన కొమ్ము పెళుసుగా ఉంటుంది కాబట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని కుదుపు లేకుండా తీసుకురావడం ఒక ఎత్తు. తెచ్చాక ఒక రోజంతా సంచులు విప్పకుండా ఆగడం ఇంకో ఎత్తు. సంచి మీద నీళ్ళు బిందువులుగా కారుతూ ఉంటే గుడ్డతో తుడవాలనిపిస్తుంది, విప్పి చూడాలనిపిస్తుంది. ఆ నీళ్ళు వస్తువు మీద పడకుండా బయటే ఆగేది సంచి మూసి ఉన్నందువల్లే. మరునాడు విప్పి, మెత్తని కుంచెతో ప్రతి గుంటలోంచీ కుబుసాలు, చచ్చిన పురుగులు తీశాను. ఒక్క కొంగ రెక్కకే ఉదయం గడిచిపోయింది. అవి వదిలేస్తే ఏమని అడిగితే, పాతవి ఉండగా రేపు కొత్తది వచ్చినా గుర్తుపట్టలేరని నా విద్యార్థి సమాధానం.

రొయ్య, రెండో కొంగ, చేతికర్ర పిడి ఫ్రీజర్‌కు వెళ్ళలేదు. వాటికి జిగురుతో అతికించిన కీళ్ళు, ముందే పడిన పగుళ్ళు ఉన్నాయి. చలికి కొమ్ము ఒకలాగా, జిగురు ఒకలాగా కుంచించుకుని అతుకు విడిపోవచ్చునట. వాటికి ఆక్సిజన్ అందకుండా చేయడమే మార్గం. తినుబండారాల పొట్లాల్లో వేసే ఇనుప పొడి పొట్లాలు, గాలి చొరని మందపాటి సంచులు, ఆక్సిజన్ ఉంటే నీలంగా, లేకపోతే గులాబీరంగుగా మారే బిళ్ళలు ఆన్‌లైన్‌లో సుమారు రూ.1,600 కు వచ్చాయి. సంచి మూతిని ఇస్త్రీపెట్టెతో అతికించాలి. బిళ్ళ గులాబీరంగుకు తిరిగిన రోజు నుంచి మూడు వారాలకు పైగా ఉంచాలి. రొయ్య సంచిలో బిళ్ళ ఒక రాత్రి గులాబీగా ఉండి, తెల్లారేసరికి నీలమైంది. సంచి ముడుచుకుని లోపలికి బిగుసుకున్నప్పుడు రొయ్య మీసం కొన దాన్ని పొడిచింది. రెండోసారి మీసాల చుట్టూ దూది పెట్టి, చిన్న అట్టపెట్టెలో ఉంచి, ఆ పెట్టెను సంచిలో పెట్టాక నిలిచింది. ఫిబ్రవరి రెండో వారంలో విప్పాను.

రొయ్యకు ఒక కాలు విరిగి ఉంది. కొమ్ము పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే, చూడగానే ఆయన అడిగింది కొబ్బరినూనె రాశారా అని. మెరుపు కోసం అమ్మ ఏటా రాస్తుంది. నూనెకు దుమ్ము అంటుతుంది, ఆ జిడ్డు పురుగుకు మరింత రుచి అని ఆయన చెప్పాడు. నా విద్యార్థి చెప్పినదీ అదే. రోజూ తలకు వాడే కొమ్ము దువ్వెనకు పురుగు పట్టడం తాను చూడలేదనీ, కదపకుండా అద్దాల్లో పెట్టినవాటికే పడుతుందనీ కూడా ఆ పెద్దాయన అన్నాడు. కొత్త కాలు చేసి అతికినందుకు రూ.400 తీసుకున్నాడు. రెక్క గుంటలను రాచి నున్నగా చేసి ఇస్తానన్నాడు గానీ నేను వద్దన్నాను. రాస్తే ఉన్న కొమ్ము ఇంకా పలచబడుతుంది. ఎలాగూ అడుగుభాగమే కాబట్టి గుంటలు అలాగే ఉన్నాయి.

ఇప్పుడు బీరువాలో ప్రతి బొమ్మ కింద తేదీ రాసిన తెల్ల కాగితం ఉంది. పొడి రాలితే వెంటనే తెలుస్తుంది. కిటికీల దగ్గర, బీరువా కింద, అటకకు నిచ్చెన వేసే చోట జిగురు అట్టలు పెట్టాను. మార్చి, ఏప్రిల్ నెలల్లో కిటికీ అట్టలకు పెద్దపురుగులు ఒకటి రెండు అంటుకున్నాయి. తోటలోంచి వచ్చేవి కొన్ని ఎప్పుడూ ఉంటాయి కాబట్టి కంగారుపడవద్దన్నాడు నా విద్యార్థి. కాగితాలు మాత్రం శుభ్రంగానే ఉన్నాయి.

జూన్‌లో మాత్రం ముందుగది మూలన ఉన్న అట్ట మీద బతికున్న పిల్లపురుగు దొరికింది. ఆ మూలకు బీరువా దూరం, అటక రంధ్రం మూసి ఉంది. దగ్గరలో ఉన్నది అమ్మ భజనలకు వాయించే హార్మోనియం ఒక్కటే. పైపలక మేకులు విప్పి చూస్తే, వాయించే మెట్ల కింద పరిచిన ఎర్ర ఫెల్ట్ గుడ్డ అంచులు కొరికేసి ఉన్నాయి. ఫెల్ట్ అంటే ఉన్నే కదా. హార్మోనియాన్ని ఫ్రీజర్‌లో పెట్టే ప్రసక్తి లేదు. పాత ఫెల్ట్ అంతా తీసి మూసిన సంచిలో వేసి, లోపల వాక్యూమ్ క్లీనర్‌తో శుభ్రం చేశాను. కొత్త ఫెల్ట్ వేయడానికి బాగుచేసే అతను రూ.2,500 అడిగాడు. ఉన్ని ఫెల్ట్ బదులు సింథటిక్ వేయవచ్చా అంటే, మెట్లు చప్పుడు చేస్తాయని అమ్మ, చప్పుడు తెలియకుండా బిగిస్తానని అతను వాదించుకుంటున్నారు. ఆ పంచాయితీ తేలేవరకు హార్మోనియం పెట్టె వరండాలో ఉంది, దాని నాలుగు పక్కలా కొత్త జిగురు అట్టలు పెట్టాను.